మధ్యలో వదిలేసి లేవగలిగే పని చూసుకో

చిన్నీ,

నిన్న ఫోన్ సగంలో పెట్టేశావు, పిల్లది లేచిందని. నువ్వడిగినదానికి జవాబు ఫోన్లో చెప్తే మళ్లీ సగంలోనే ఆగుతుంది, అందుకే కూర్చుని రాస్తున్నా. దాన్ని పడుకోబెట్టాక చదువుకో, తొందరేం లేదు.

"ఇంట్లో ఖాళీగానే ఉంటున్నాగా పెద్దమ్మా, నెలకి ఆరేడు వేలు వచ్చే పనేదైనా చెప్పు" అన్నావు. ముందు ఆ ఖాళీ అనే మాట తీసెయ్. పెద్దాడు ఎల్‌కేజీకి వెళ్లేది తొమ్మిదింటికి, వచ్చేది పన్నెండున్నరకి. చిన్నది పదకొండింటికి పడుకుంటే గంటో గంటన్నరో. రాత్రి ఇద్దరూ పడుకున్నాక ఇంకో గంట, అదీ నీకు నడుము నొప్పి లేకపోతే. అంటే రోజుకి రెండు రెండున్నర గంటలు, అవి కూడా ముక్కలు ముక్కలుగా, ఏ ముక్క ఎప్పుడు తెగుతుందో తెలియదు. నీకు ఏ పని వచ్చు అన్నది తర్వాత చూద్దాం. ఈ ముక్కల్లో ఏ పని పడుతుంది అన్నది ముందు.

నాకిది తెలిసింది రెండు కేజీల బెల్లం పోగొట్టుకున్నాక. మీ పెదనాన్న కొట్టు మూసేసిన ఏడాది, 1998లో, మీ అన్నయ్యకి పది నెలలు. సంక్రాంతికి అరిసెలు చేసిపెడతానని మా వీధిలో నలుగురి దగ్గర ఒప్పుకున్నా. తడిపిండి కొట్టించి తెచ్చుకున్నా, అది ఆ రోజే వాడెయ్యాలి, రేపటికి ఉంచితే పులుస్తుంది. పాకం పొయ్యి మీద ఉంది, నీళ్లలో వేస్తే ఉండ కట్టే దశకి వచ్చింది, సరిగ్గా అప్పుడే వాడు మంచం మీంచి కింద పడ్డాడు. ఎత్తుకుని, నుదురు చూసి, ఊరుకోబెట్టి వచ్చేసరికి పాకం రాయి. పిండీ పోయింది, బెల్లమూ పోయింది, పండగ రోజు నలుగురికీ మొహం చూపించలేకపోయా. మాటపడ్డది ఒక ఎత్తు, నూనె కాగుతున్న వంటింట్లోకి పాకుతూ వచ్చే పిల్లాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

ఆ తర్వాత చీరలకి ఫాల్ కుట్టడం మొదలుపెట్టా, చేత్తోనే, చీరకి 10 రూపాయలు. నాలుగు కుట్లు వేసి లేచినా, మళ్లీ వచ్చి కూర్చుంటే ఐదో కుట్టు అక్కడే ఉంటుంది. సూది మాత్రం లేచిన ప్రతిసారీ డబ్బాలో పెట్టి మూత పెట్టేదాన్ని. పిల్లలున్న ఇంట్లో ఏ పనైనా ఇదొక్కటే చూడాలి, మధ్యలో వదిలేసి లేవొచ్చా, లేవకూడదా.

నీకైతే చీర కుచ్చులు చెప్తాను, అదే, కొంగు చివర వేలాడే దారపు కుచ్చులు. ఫాల్ పికో మిషన్ మీద ఐదు నిమిషాల్లో వేసేస్తున్నారు, దాంతో పోటీ పడలేవు. కుచ్చులకి ఇంకా చేతులే కావాలి. చీర కొంగు అంచు 45 అంగుళాల దగ్గర ఉంటుంది, అంగుళానికొకటి లెక్కన సుద్దతో గుర్తులు పెట్టుకో. పట్టుదారం పాతిక ముప్పై పోగులు ఒక అట్టముక్కకి చుట్టుకుంటే పొడవు అన్నిటికీ ఒకేలా వస్తుంది. వాటిని అంచులోంచి సూదితో లాగి, సగానికి మడిచి, మెడ దగ్గర జరీదారం నాలుగైదు చుట్లు చుట్టి ముడెయ్యి. ఆ ముడి పడ్డాక నువ్వు లేచి పాలు పట్టి, బట్టలు మార్చి, గంట తర్వాత వచ్చినా కుచ్చు కుచ్చులాగే ఉంటుంది. కొత్తవాళ్లు దెబ్బతినేది చివర కత్తిరించే దగ్గర. ఒక్కోటి విడిగా కత్తిరిస్తే మెట్లు మెట్లుగా వస్తాయి. అన్నీ అయ్యాక దువ్వెనతో దువ్వి, కొంగు బల్ల మీద పరిచి, స్కేలు ఆనించి ఒకేసారి కత్తిరించు. పిల్లలు ఇద్దరూ నిద్రపోయాకే చెయ్యి ఆ ఒక్క పని, అది మాత్రం మధ్యలో వదిలేది కాదు.

మొదట నీ చీరలు రెండింటికే కుచ్చులు కట్టు, తర్వాత మీ అత్తగారివాటికి. ఐదారు చేతిలోంచి వెళ్లేదాకా ఎవరి పెళ్లి పట్టుచీరా ముట్టుకోకు. నేను తెనాలిలో మామూలు కుచ్చులకి 300 తీసుకుంటున్నా, పూసలు గుచ్చి క్రోషాతో అల్లితే 700 దాకా. దారం ఖర్చు మామూలువాటికి 40 దాటదు. వారానికి ఐదు చీరలు చేసినా నెలకి ఐదు వేల పైన మిగులుతుంది, కానీ అన్ని నెలలూ ఒకలా ఉండవు. శ్రావణంలో ఊపిరాడదు, మూఢంలో ఈగలు తోలుకోవాలి. ఆ ఖాళీ నెలల్లో నీ పని బాగాలేదని అనుకుని బెంగ పెట్టుకోకు, అందరికీ అంతే.

ఇక నీ సున్నుండలు. ఫ్లాట్స్ గ్రూపులో కేజీ 350కి అమ్మానని సంతోషంగా చెప్పావు, అందరూ బాగున్నాయన్నారన్నావు. బాగుండక ఏం చేస్తాయే, నెయ్యి అంత పోస్తే! నువ్వు చెప్పిన కొలతలతోనే లెక్క కట్టా. మినుములు అరకేజీకి కాస్త తక్కువ, 65. బెల్లం 25. నెయ్యి పావుకేజీ, 160. మర, గ్యాసు, డబ్బా, స్టిక్కరు కలిపి 40. మొత్తం 290. నీకు మిగిలింది 60. మినుములు మాడకుండా సన్నమంట మీద వేయించింది, ఉండలు చుట్టింది, పక్క బ్లాకుకి పిల్లని చంకనేసుకుని వెళ్లి ఇచ్చొచ్చింది, వీటికి ఒక్క పైసా వేసుకోలేదు. రెండు కేజీలకి మూడు గంటలు పట్టిందన్నావు, అంటే గంటకి 40 రూపాయలు. మీ ఇంట్లో గిన్నెలు తోమే ఆవిడ ఆ లెక్కకి రాదు, రాకూడదు కూడా. 550 చెప్పు. కొందరు మానేస్తారు, మాననీ. కొనేవాళ్లే నీవాళ్లు.

తినేవి అమ్మడం ఆపొద్దనుకుంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, అంటే తినే సరుకుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ, వాళ్ల దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకో, ఇంట్లో చేసి అమ్మినా అది ఉండాలి. ఫోస్కోస్ అనే వాళ్ల సైట్లో నువ్వే పెట్టుకోవచ్చు, నేను చేయించినప్పుడు చిన్న వ్యాపారాలకి ఫీజు ఏడాదికి 100 రూపాయలు. మా ఇంటి దగ్గర ఒక ఏజెంటు 2,500 అడిగాడు. చిన్న వ్యాపారాలు ప్రభుత్వం దగ్గర పేరు నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కైతే అసలు ఫీజే లేదు, దానికీ డబ్బులు గుంజేవాళ్లున్నారు. పచ్చళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకు. మామిడికాయ ముక్కకి తుడవగా మిగిలిన తడి చాలు, జాడీ అంతా బూజు. అది నిలవ ఉండే సరుకు కాబట్టి తప్పు కూడా మూడు నెలల తర్వాత బయటపడుతుంది, అప్పటికి నీ డబ్బా డాలస్‌లో ఉంటుంది.

డాలస్ అంటే గుర్తొచ్చింది, అక్కడి పిల్లలకి తెలుగు చెప్పే పని గురించి అడిగావు. మంచిదే, నీకు గొంతు ఉంది, ఓపిక ఉంది. కానీ అది టైంకి కట్టుబడే పని. ఇక్కడ శనివారం పొద్దున 7 అయితే అక్కడ శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర, వాళ్ల చలికాలంలో ఏడున్నర. అల్లుడుగారు శని ఆదివారాలు ఆ గంట పిల్లల్ని పూర్తిగా చూసుకుంటానంటేనే ఒప్పుకో. "నువ్వు క్లాసు చెప్పుకో, నేను చూస్తా" అని చెప్పి ఫోన్ పట్టుకుని కూర్చోవడం కాదు, తలుపు మూసి ఉంటే నువ్వు ఊళ్లో లేనట్టే అనుకోవాలి. మా పక్కింట్లో ఉద్యోగం మానేసి పాపని చూసుకుంటున్న అబ్బాయి ఇలాగే రోజూ రాత్రి ఒక గంట లెక్కలు చెప్తున్నాడు, వాళ్లావిడ ఆఫీసు నుంచి వచ్చి పాపని అందుకున్నాకే లాప్‌టాప్ తెరుస్తాడు.

ఇప్పుడు కాస్త తిడతాను. ఆ పెన్సిళ్లు ప్యాక్ చేస్తే నెలకి 30 వేలు అన్న ప్రకటన నాకెందుకు పంపావు? పని ఇచ్చేవాడు మనకి డబ్బులిస్తాడు, మన దగ్గర తీసుకోడు. ముందు రిజిస్ట్రేషన్ అని ఆరేడొందలు, తర్వాత కొరియర్ ఖర్చు, తర్వాత ఐడీ కార్డు, అలా అడుగుతూనే ఉంటారు, పెన్సిల్ మాత్రం రాదు. టెలిగ్రామ్‌లో హోటళ్లకి రేటింగ్ ఇస్తే డబ్బు అనేది ఇంకా ప్రమాదం. మొదట 150, 200 నిజంగానే వేస్తారు, నమ్మకం కుదిరాక పెద్ద టాస్క్ అని మనచేత వేలకి వేలు కట్టిస్తారు. నా దగ్గర టైలరింగ్ నేర్చుకున్న పిల్ల ఒకతె వాళ్లాయనకి చెప్పకుండా బంగారం పెట్టి కట్టింది, నోట్లోంచి మాట రాలేదు ఆ పిల్లకి వారం రోజులు. అలాంటిదేమైనా జరిగితే సిగ్గుపడుతూ కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఉంటుంది. ఇంకోటి, ఫోన్లో డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టక్కర్లేదు. పిన్ అడిగారంటే పోతోందని అర్థం.

నీ డబ్బు నీ పేరున విడిగా ఒక ఖాతాలో పడనీ, దాని క్యూఆర్ కోడే అందరికీ ఇవ్వు. అల్లుడుగారి మీద అనుమానంతో కాదు. ఇంటి ఖర్చులో కలిసిపోతే నువ్వు సంపాదిస్తున్నావో పోగొట్టుకుంటున్నావో నీకే తెలియదు. ఒక పాత డైరీలో రోజూ మూడు లెక్కలు రాసుకో, ఎంత పెట్టావు, ఎంత వచ్చింది, ఎన్ని గంటలు. గంటలు రాయడం మర్చిపోవద్దు.

సగం డబ్బు ముందే తీసుకో. మొహమాటపడతావని తెలుసు, మీ అమ్మ పోలికే. "మనవాళ్లేగా, తర్వాత ఇస్తాలే" అన్న నాలుగు చీరల డబ్బు నాకు 2011 నుంచి రావాలి, వాళ్లు ప్రతి పెళ్లిలోనూ కనిపించి నా చెయ్యి పట్టుకుని మరీ బాగా మాట్లాడతారు. అడగలేకపోతే నా పేరు చెప్పు. "మా పెద్దమ్మ అడ్వాన్స్ లేకుండా దారం కొననివ్వదండీ" అను. మీ అత్తగారి చీరలకి మాత్రం తీసుకోకు, ఆవిడ చిన్నదాన్ని రోజూ సాయంత్రం కిందకి తిప్పుతున్నారన్నావుగా, అది పెద్ద జీతమే.

శనివారం అన్నయ్య హైదరాబాద్ వస్తున్నాడు, వాడి చేతికి రెండు సూదుల పొట్లాలు, నా పాత అట్టముక్క, పద్నాలుగు రంగుల పట్టుదారం రీళ్లు ఇచ్చి పంపుతున్నా. గంధం రంగు అయిపోయింది, అక్కడే ఒకటి కొనుక్కో, ఎక్కువగా అడిగేది అదే. డబ్బా మూత గట్టిగా ఉంటుంది, పిల్లది తియ్యలేదు. అయినా పైన అరలోనే పెట్టు.

మీ పెద్దమ్మ