పాత బావి గట్టున రాతి స్తంభాలు, పల్లానికి దిగే బాట దేనికి? మోటతో రోజుకు ఎంత పొలం పారేది?

అవి మోటవే, అంటే ఎడ్లతో తోలుసంచిలో బావి నీళ్లు పైకి తోడే ఏర్పాటువి. తెలంగాణలో మోట కొట్టడం అంటారు, రాయలసీమలో కపిల తోలడం.

ఆ స్తంభాల మధ్య పైన పెద్ద గిలక ఉండేది. దాని మీంచి లావు మోకు, మోకు కొసన ఇనుప కడియానికి కట్టిన తోలుసంచి. సంచి అడుగున తోలు తొండం. తొండం మూతికి కట్టిన సన్నతాడు గట్టు అంచున ఉన్న కర్ర గిలక మీంచి వచ్చేది. రెండు తాళ్లూ ఎడ్ల కాడికే. ఎడ్లు పల్లానికి దిగేటప్పుడు తోలేవాడు మోకు మీద కూర్చునేవాడు, అతని బరువు కూడా లాగుడికి కలిసొచ్చేది. సంచి గట్టుకు చేరేదాకా తొండం మడిచి మూతి పైకి నిలబడి ఉంటుంది. చేరగానే సన్నతాడు మూతిని తొట్టిలోకి లాగుతుంది, నీళ్లు వాటంతటవే పడతాయి.

కిటుకంతా సన్నతాడు పొడవులోనే ఉంది. అది వదులైతే తొండం మూతి సంచిలోని నీటిమట్టం కన్నా కిందికి జారి, సగం నీళ్లు దారిలోనే బావిపాలు. బిగువైతే సంచి పూర్తిగా లేవకముందే తొండం సాగి కుట్టు తెగుతుంది. బాట పొడవు కూడా వేసవి నీటిమట్టానికి సరిపోవాలి. చాలకపోతే ఎడ్లు కింది కొసకు చేరినా సంచి గట్టెక్కదు.

ఇక పారకం. సంచికి 100 నుంచి 150 లీటర్లు పడతాయి. రానూపోనూ నిమిషం అనుకుంటే గంటకు 6,000 నుంచి 9,000 లీటర్లు. ఎకరం మీద అంగుళం నీరు నిలవాలంటే సుమారు లక్ష లీటర్లు కావాలి. అంటే ఆరు గంటలు తోలినా అర ఎకరానికి అంగుళం అందడమే గొప్ప! పైగా తొట్టి నుంచి మడిదాకా కాలువలో ఇంకేది వేరు. అందుకే మోట కింద మిరప, రాగి, కూరగాయలు, కాస్త వరి, అంతే. ఎండ ముదిరితే ఎడ్లు తట్టుకోలేవు కనుక చీకటితోనే మొదలుపెట్టేవారు. ఒకరు మోట దగ్గర, ఇంకొకరు మడవలు (మడుల్లోకి నీళ్లు వదిలే గండ్లు) తిప్పుతూ పొలంలో. మడవ దగ్గర తరచుగా ఆడవాళ్లే ఉండేవారు. ఉమ్మడి బావిలో అన్నదమ్ములకు రోజుల లెక్కన వంతులు.

తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో సంచి కుట్టింది మాదిగలు. ఎండకు బిరుసెక్కి పగలకుండా దానికి ఆముదం పట్టించేవారు. గిలక వడ్రంగిది, కడియం కమ్మరిది. వీళ్లందరికీ కూలి కల్లంలో ధాన్యంగా ముట్టేది. తాను కుట్టిన సంచితో ఊరి పొలాలు పారుతున్నా, ఊరి మంచినీళ్ల బావిలో చేద వేసే హక్కు మాదిగకు ఉండేది కాదు. మోట గురించి చెప్పేటప్పుడు ఈ మాట వదిలేయకూడదు.

ఆయిల్ ఇంజన్లు, కరెంటు మోటార్లు వచ్చాక మోటలు మూలపడ్డాయి. మీ బావి చుట్టూ ఎన్ని జతల స్తంభాలున్నాయో, ఎన్ని బాటలు దిగుతున్నాయో చూడండి. అది ఎన్ని మోటల బావో తెలుస్తుంది. బాట పూడ్చకముందే దాని పొడవు కొలిచి రాసుకోండి, వేసవిలో నీళ్లు ఎంత లోతుకు పోయేవో దాన్నిబట్టి అంచనా వేయొచ్చు.