పునరుద్ధరణ చదువు బడ్జెట్‌లో విత్తే అదనుకూ చోటుండాలి

ప్రశ్న: పర్యావరణ శాస్త్రంలో డిగ్రీ చేసి మూడేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. గనులు తవ్వి వదిలేసిన నేలల్ని బాగుచేసే భూ పునరుద్ధరణలో రెండేళ్ల మాస్టర్స్ చేయాలనుంది. మొత్తం ఖర్చు 100 అనుకుంటే ఫీజు 52, వసతి, భోజనం వగైరా 48. నా పొదుపు 40. మిగతా 60 విద్యారుణం ముందే తీసుకుని, పొదుపు చివర్లో వాడదామనుకుంటున్నాను. సెలవుల్లో పనిచేస్తే చేతి ఖర్చులు గడుస్తాయి. ఈ ప్లాన్ సరైనదేనా?

సమాధానం: మీ కూడికల్లో తప్పు లేదు. ఈ చదువు కచ్చితంగా 24 నెలల్లో అయిపోతుందన్న ఊహ దగ్గరే ఇబ్బంది.

ఈ సబ్జెక్టులో థీసిస్ అంటే చాలావరకు నేల మీద ప్రయోగం. విత్తే అదను ఏడాదికి ఒకటో రెండో ఉంటాయి. అంశం ఖరారై, స్థలం ఇచ్చే గని యాజమాన్యం అనుమతి చేతికొచ్చేలోపు మొదటి అదను దాటిపోవడం మామూలే. తర్వాతి అదనులో విత్తినా మొలుస్తాయన్న హామీ లేదు. భారీ వాహనాలు తిరిగిన ఓవర్‌బర్డెన్ డంపులో (ఖనిజం కోసం తవ్వి తీసిన మట్టి, రాళ్ల గుట్టలో) మట్టి బిగుసుకుపోయి వేరు దిగదు, నీరు ఇంకదు. పైరైట్ (ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) ఉన్న రాయికి గాలి, నీరు తగిలితే ఆమ్లం పుట్టి పీహెచ్ 4 కంటే కిందికి జారవచ్చు. ఏళ్ల తరబడి కుప్పగా పడి ఉన్న పైమట్టిలో విత్తనాలూ సూక్ష్మజీవులూ చాలావరకు పోయి ఉంటాయి. వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా ఒక సెమిస్టర్ అదనం. మీ లెక్క ప్రకారమే ఆరు నెలల బతుకు ఖర్చు 12. ఈ 12 మీ ప్లాన్‌లో ఎక్కడా లేదు.

సెలవుల సంపాదననైతే పూర్తిగా కొట్టేయండి. మిగతా కోర్సుల వాళ్లు సెలవుల్లో పనికి వెళ్లే రోజుల్లో మీరు క్షేత్రంలో ప్లాట్లు కొలుస్తూ ఉండవచ్చు.

నా సూచన ఇది. 40 పొదుపులో 25 మొదటి సెమిస్టర్‌కు కట్టండి. 3 క్షేత్ర ఖర్చులకు ఉంచండి. 12ను ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోగల డిపాజిట్‌లో వేసి, కోర్సు సాగితేనే ముట్టుకోండి. రుణం 75కు మంజూరు చేయించుకుని 6, 12, 18వ నెలల్లో 25 చొప్పున తీసుకోండి.

అప్పు పెరిగింది కదా అనిపిస్తుంది. లెక్క చూద్దాం. వడ్డీ 10 శాతం, కోర్సు తర్వాత ఆరు నెలల మారటోరియం (వాయిదాలు కట్టనక్కర్లేని గడువు), అప్పటిదాకా సాధారణ వడ్డీ అనుకుంటే, మీ పద్ధతిలో 60 మొదటి రోజే తీసుకుంటే 30 నెలలకు వడ్డీ 15 చేరి బాకీ 75 అవుతుంది. విడతల పద్ధతిలో 75కు వడ్డీ 11.25 మాత్రమే, బాకీ 86.25. కోర్సు సమయానికి ముగిస్తే పక్కన పెట్టిన 12 కట్టేయండి, 74.25 మిగులుతుంది. అంటే క్షేత్ర ఖర్చుల 3 కూడా గడిచి, బాకీ మీ ప్లాన్ కంటే కాస్త తక్కువే. ముందస్తు చెల్లింపుకు రుసుము ఉందేమో మంజూరుకు ముందే అడగండి. చదువుతుండగానే నెలనెలా వడ్డీ కట్టగలిగితే ఇంకా మేలు, కానీ దానికోసం ఆ 12ను తవ్వకండి.

బ్యాంకును ఇంకో మాట అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: మారటోరియం కాలాన్ని ప్రవేశ పత్రంలోని ముగింపు తేదీ నుంచి లెక్కిస్తారా, అసలు కోర్సు ముగిసిన రోజు నుంచా? మొదటిదైతే, కోర్సు ఆరు నెలలు సాగినప్పుడు చదువు ముగిసీ ముగియగానే, ఉద్యోగం వెతుక్కునే వ్యవధి లేకుండా ఈఎంఐ మొదలవుతుంది.

ఇక క్షేత్ర ఖర్చులు. ఉదాహరణకు నాలుగు రకాల ప్లాట్లు (ఏమీ వేయనిది సహా), ఒక్కోటి నాలుగేసి చొప్పున 16. రెండు లోతుల్లో, ప్రయోగం ముందూ తర్వాతా మట్టి తీస్తే 64 నమూనాలు. పీహెచ్, ఈసీ (విద్యుత్ వాహకత) మీరే కొలుచుకోవచ్చు, ల్యాబ్ మనిషి కాబట్టి మీకిది చేతిలో పని. భారలోహాల పరీక్షకే డబ్బు పోతుంది, కాబట్టి 64 పంపకుండా చివరి విడత పైపొర 16 పంపితే చాలునేమో గైడుతో మాట్లాడండి. బూట్లు, హెల్మెట్, రవాణా, పరీక్షల ఖర్చు ఎవరిదో ప్రవేశానికి ముందే విభాగాన్ని అడగాలి. సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టనక్కర్లేదు: మ్యాపులకు క్యూజీఐఎస్, గణాంకాలకు ఆర్, రెండూ ఉచితం. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో, ల్యాండ్‌శాట్ చిత్రాలు 1972 నుంచీ ఉచితంగా దొరుకుతాయి. సొంత డ్రోన్ మోజు ఉంటే ఇప్పుడు వద్దు.

అంశం ఎంపికతోనూ డబ్బు మిగుల్చుకోవచ్చు. కొత్తగా విత్తి ఎదురుచూసే బదులు, రెండు, ఐదు, పదేళ్ల కిందట పునరుద్ధరించిన స్థలాల్ని పక్కపక్కన పోల్చే థీసిస్ ఒక్క సీజన్‌లో తేలిపోతుంది. స్థలాల మధ్య మొదటి నుంచీ ఉన్న తేడాలు ఫలితాన్ని తప్పుదోవ పట్టించే ప్రమాదం ఉంది, దాన్ని గైడు చూసుకోవాలి. విత్తే ప్రయోగమే కావాలంటే, క్షేత్రంలో మొలవకపోయినా చేతిలో ఫలితం ఉండేలా అదే మట్టితో కుండీల ప్రయోగం ఒకటి తోడుగా పెట్టుకోండి.

చదువు తర్వాత రాబడి ఎలా ఉంటుందో కూడా చూడాలి. ఈ పనికి డబ్బు తరచూ నేల బాగుచేస్తామని గని యాజమాన్యం ముందుగా కట్టే పూచీ బాండు చుట్టూ తిరుగుతుంది. అమెరికా బొగ్గు గనులకు 1977 నాటి చట్టం ప్రకారం గుంత పూడ్చి, చదును చేసి, నీటి దారులు సరిచేశాక బాండులో 60 శాతం వరకు విడుదల చేయవచ్చు. మొక్కలు నిలిచాక ఇంకొంత. మిగతాది బాధ్యతా కాలం ముగిశాకే. ఆ కాలం ఐదేళ్లు, ఏడాదికి 26 అంగుళాల వర్షం మించని చోట పదేళ్లు. అందుకే మొక్కల పర్యవేక్షణ పని ఏళ్ల తరబడి ఉంటుంది గానీ, అది సీజన్‌వారీ కాంట్రాక్టు కావచ్చు. మట్టి పనులు ఖనిజాల ధరతో పాటు లేస్తాయి, పడతాయి.

86.25 బాకీకి పదేళ్ల ఈఎంఐ నెలకు 1.14. సగటు నెల రాబడిలో అది ఐదో వంతు దాటకూడదంటే 5.7 రావాలి. ఏడాదికి తొమ్మిది నెలలే పని దొరికితే ఆ నెలల్లో 7.6 కావాలి. ఈ అంకెను మీ ఖర్చుకు తగ్గట్టు మార్చుకుని, ప్రవేశం తీసుకోకముందే కొత్తవాళ్లకు వచ్చే ఉద్యోగ ప్రకటనల పక్కన పెట్టి చూడండి. సరిపోకపోతే గడువు 15 ఏళ్లకు సాగదీయకండి: ఈఎంఐ 0.93కు దిగుతుంది గానీ, మొత్తం చెల్లింపు 137 నుంచి 167కు పెరుగుతుంది. ఫీజు తక్కువున్న కోర్సో, స్టైపెండ్ ఉన్న సీటో వెతకండి.

ఆరోగ్య బీమా పత్రంలో గని స్థలాల్లో పనికి మినహాయింపు ఉందేమో కూడా చదవండి. ఉంటే, విశ్వవిద్యాలయం క్షేత్ర పనికి వేరే ప్రమాద బీమా ఇస్తుందో లేదో తెలుసుకోకుండా డంపు ఎక్కకండి.