తెలిసింది పక్కవాడికి చెప్పడానికి నోరెందుకు రాదు?

మీ ఊళ్లో రొయ్యల రైతులు ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పరు, స్వార్థమేనా అని అడిగారు. నేను చూసినంతలో స్వార్థం తక్కువ, సిగ్గు ఎక్కువ. మన రొయ్యల రేటు పడేదీ లేచేదీ ఎక్కువగా అమెరికా, చైనా కొనుగోళ్లను బట్టే. పక్కవాడి రొయ్యల గుంట బాగా పండితే మనకు పోయేదేం లేదు, ఆ సంగతి అందరికీ తెలుసు.

నాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఏడేళ్ల కిందట, వెనామీ రకం రొయ్య పిల్ల వేసిన 42వ రోజు పొద్దున చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూడ్డానికి గుంటలో దించే పళ్లెం) ఎత్తితే మేత అట్నే ఉంది. నాలుగు రొయ్యలు ఎర్రబారి ఉన్నాయి. ఒకదాని తల పెంకు ఒలిచి వెలుతురుకు పట్టి చూస్తే తెల్లటి చుక్కలు. అది తెల్లమచ్చ అనే వైరస్ జబ్బు. దానికి మందు లేదు, వారం పది రోజుల్లో గుంట ఊడ్చుకుపోతుంది. నీళ్లతో, పీతలతో పక్క గుంటకూ పాకుతుంది. మా అందరికీ కాలువ ఒకటే. అప్పుడే చెప్పాల్సింది. రెండు రోజులు చెప్పలేదు. నీళ్లు బయటికి వదల్లేదు గానీ నోరూ విప్పలేదు. "వాడికి సాగు చేతకాదు" అంటారని, మేత అప్పిచ్చిన డీలరు బాకీ అడగడానికి సాయంత్రానికే గట్టు మీదికి వస్తాడని భయం.

మూడో రోజు పక్క గుంట పెద్దాయన వచ్చి నా దగ్గర కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు. "1995లో నా టైగర్ రొయ్య మొత్తం పోయింది అబ్బయా. ఎవరికీ చెప్పలా. నా వెనక మూడు గుంటలు పోయినాయి" అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు, అంతా చెప్పేశాను. ఆయన అక్కడి నుంచే అందరికీ ఫోన్లు చేసి కాలువ నీళ్లు తోడే మోటార్లు ఆపించాడు. నా గుంటకు బ్లీచింగ్ కొట్టి తూము బిగించాం. ఆ పంటలో ఇంకో గుంట మాత్రం పోయింది. అది నా రెండు రోజుల వల్లేనా అని ఇప్పటికీ మనసు కోస్తుంది.

నొచ్చుకుని మూసుకున్న నోళ్లూ ఉన్నాయి. అమావాస్యకు రొయ్యలు పెంకు వదులుతాయి, దాని ముందు రాత్రిపూట గుంటలో మినరల్స్ (ఖనిజ లవణాలు) ఏ లెక్కన వేయాలో ఒకాయనకు చెప్పాను. టీ కొట్టు దగ్గర అది తన సొంత తెలివిలాగా చెప్పుకున్నాడు. "ఫలానా ఆయన చెప్పాడు" అన్న ఒక్క మాట వచ్చుంటే ఇంకో పది సంగతులు చెప్పేవాణ్ణి. ఏడాది పాటు ఆయనతో గుంట మాటే ఎత్తలేదు.

ఇప్పుడు ఎవరి గట్టు మీదికి పోయినా ముందు నా 42వ రోజు సంగతి చెప్తాను. కాసేపటికి వాళ్లే లేచి ట్రే ఎత్తి చూపిస్తారు.