పీటర్ పాన్‌ను మళ్ళీ చదివితే

ప్రశ్న: చిన్నప్పుడు ఇష్టంగా చదివిన ‘పీటర్ పాన్’ నవలను మా అమ్మాయి కోసం మళ్ళీ తెరిస్తే, అందులో మరణం, నిర్దయ కనిపించి మనసు కలతపడింది. ఇదంతా నా ఊహేనా?

జవాబు: కాదండీ, అవి మూలంలోనే ఉన్నాయి. 1904లో నాటకంగా ప్రదర్శితమై, 1911లో నవలగా వెలువడిన ఈ కథలో, ఎప్పటికీ ఎదగని బాలుడైన పీటర్, తన వెంట ఉండే తప్పిపోయిన పిల్లలు ఎదుగుతున్నట్టు కనిపిస్తే వారి సంఖ్యను తగ్గిస్తాడని రచయిత బారీ ఒక్క మాటలో చెప్పి సాగిపోతాడు; సాహసాల కోసం ఆత్రపడే పసివయసులో ఆ మాట మీద చూపు నిలవదు. బారీకి 6 ఏళ్ళప్పుడు, 14 ఏళ్ళు నిండని అతని అన్న మంచు మీద ఆడుతూ ప్రమాదంలో చనిపోయాడు. ఎదగని బాలుడి వెనుక ఆ దుఃఖం ఉందని నాకనిపిస్తుంది. అయితే నన్ను ఎక్కువగా బాధించేది, చివరికి పీటర్ తన తోడుగా ఉన్న బుల్లి దేవకన్య టింకర్ బెల్‌ను సైతం మరచిపోవడం. చదివి వినిపించడం మానకండి. అమ్మాయి ప్రశ్నించిన చోట ఆగి మాట్లాడండి.