తెలుగు మీడియం వాళ్లకు ప్రాచీన గ్రీకు వస్తుందా?

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు బీఏ హిస్టరీ రెండో ఏడాది. పాత నాణేలు, శాసనాల మీద పని చేయాలని కోరిక. అందుకు పనికొస్తుందని ప్రాచీన గ్రీకు మొదలుపెట్టాను కానీ ఒక్కో వీడియోలో ఒక్కో రకంగా పలుకుతున్నారు. నా ఇంగ్లీష్ ఉచ్చారణ వింటేనే క్లాసులో నవ్వుతారు, ఇక గ్రీకు నాకేం వస్తుందని టెన్షన్‌గా ఉంది. దీంతో ఉద్యోగం వస్తుందా అని నాన్న అడుగుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. ప్రాచీన గ్రీకు పలకడానికి ఇంగ్లీష్ ఉచ్చారణతో పని లేదు. ఇంగ్లీష్ పుస్తకం పట్టుకుని నేర్చుకుంటేనే తికమక ఎక్కువ. నేనూ అలాగే మొదలుపెట్టి చాలా రోజులు పోగొట్టుకున్నాను. పలకలమీద తెలుగు అక్షరాలు దిద్దినప్పుడే ఈ భాషకు కావలసిన శబ్దాల్లో ఎక్కువ భాగం మనకు వచ్చేశాయని ఆలస్యంగా తెలిసింది.

ఎలాగో చూడండి. గ్రీకులో 24 అక్షరాలు, అందులో ఏడు అచ్చులు. హ్రస్వ 'ఎ'కి ఒక అక్షరం, దీర్ఘ 'ఏ'కి ఇంకొకటి. 'ఒ'కి ఒకటి, 'ఓ'కి వేరొకటి. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వినిపించిన ఒమిక్రాన్ పేరు అసలు రూపం 'ఒ మీక్రొన్', అంటే చిన్న ఒ. ఒమేగా అంటే 'ఓ మెగ', పెద్ద ఓ. ఇంగ్లీష్ వాళ్లకు ఈ తేడా పేజీలకు పేజీలు వివరించాలి. హిందీ లిపిలోనూ హ్రస్వ ఎ, ఒలకు వేరే అక్షరాలు లేవు. మనం 'ఒకటి', 'ఓడ' అని రాసేటప్పుడు ఆలోచించం కూడా. గ్రీకు 'ఏ'కి మాత్రం మన ఏ కంటే కాస్త నోరు ఎక్కువ విప్పాలి, అంతే.

హల్లుల దగ్గర మనకు ఇంకా సులువు. త, థ, ప, ఫ, క, ఖ ఆరూ గ్రీకులో వేరువేరు అక్షరాలు. ఫిజిక్స్ క్లాసులో 'తీటా' అన్నది అసలు 'థేత'. 'బీటా' అసలు 'బేత'. ఫ దగ్గర జాగ్రత్త: 'ఫ్యాన్'లోని శబ్దం కాదు, 'ఫలం' అని పద్యం చదివేవాళ్లు పలికే ఒత్తు ప. 'తిథేమి' అన్న క్రియను తీసుకోండి. 'పెడుతున్నాను' అని అర్థం. సంస్కృతంలో దీనికి చుట్టం 'దధామి'. రెండింట్లోనూ మొదటి అక్షరానికి ఒత్తు పోయి, రెండోదానికే మిగిలింది. రెండు భాషల్లోనూ ఉన్న ఈ పద్ధతిని 1863లో గ్రాస్‌మన్ అనే జర్మన్ పండితుడు సూత్రంగా చెప్పాడు. సంస్కృతం కాస్త వచ్చినవాళ్లకు ఇలాంటివి అడుగడుగునా దొరుకుతాయి.

ద్విత్వాలూ అంతే. సముద్రాన్ని ఏథెన్స్ వాళ్లు 'థలత్త' అనేవారు. కొండదారుల్లో నెలల తరబడి నడిచిన గ్రీకు సైనికులు దూరాన నల్ల సముద్రం కనబడగానే 'థలత్త, థలత్త' అని కేకలు వేశారని వాళ్లతో నడిచిన క్సెనొఫోన్ రాశాడు. మొదటి థకి ఒత్తు, చివర త్త గట్టిగా. ఒకసారి పైకి అనండి. వచ్చేసింది కదా!

మనకు కష్టమైనవి కొన్నే. ఉప్సిలొన్ తెలుగులో లేని అచ్చు. 'ఈ' అంటూ నాలుక కదపకుండా పెదవులు మాత్రం 'ఊ'కి చుట్టినట్టు చుట్టాలి. అద్దం ముందు రెండు రోజులు చేస్తే పట్టుబడుతుంది. 'హ'కి అక్షరం లేదు, అచ్చు మీద చిన్న కొక్కెం లాంటి గుర్తు ఉంటుంది. పంచాంగంలో మనం చూసే 'హోర' గ్రీకు మాటే, దాని మొదట్లో ఆ గుర్తే ఉంటుంది. కేంద్ర ప్రభుత్వంలోని 'కేంద్ర' కూడా గ్రీకు 'కెన్త్రొన్' నుంచి సంస్కృతంలోకి వచ్చిందే. అసలు తప్పు తెలుగువాళ్లం చేసేది మాట చివర. 'లొగొస్' అనమంటే 'లొగొసు' అంటాం. గ్రీకు మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనో, న్, ర్, స్ శబ్దాలతోనో ఆగుతాయి. ఆ ఉకారం తగిలించకుండా ఆగడం నేర్చుకోండి.

ఇక వీడియోల గొడవ. ప్రధానంగా మూడు పద్ధతులున్నాయి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు ఏథెన్స్ ఉచ్చారణను ఆధారాలతో తిరిగి కట్టినది ఒకటి. 1528లో ఎరాస్మస్ అనే డచ్ పండితుడు రాసిన పుస్తకం పేరు మీద పాశ్చాత్య కాలేజీల్లో నడుస్తున్నది రెండోది. ఇప్పటి గ్రీసు వాళ్లు మాట్లాడినట్టే పాతదాన్నీ చదవడం మూడోది. ఈ మూడో పద్ధతిలో ఐదారు రకాల అచ్చులు కలిసిపోయి అన్నీ 'ఈ' అయిపోతాయి. పాత ఉచ్చారణ వేరని ఎలా తెలిసిందంటే, ఒక ఆధారం నాకు చాలా ఇష్టం. క్రతినొస్ అనే పాత నాటకకర్త గొర్రె అరుపును 'బే బే' అని రాశాడు. అవే అక్షరాలను ఇప్పటి గ్రీకులో చదివితే 'వీ వీ' అవుతుంది. గొర్రె అప్పుడైనా ఇప్పుడైనా బే అనే అంటుంది.

మీరు మొదటిది పట్టుకోండి, మన అక్షరాలకు సరిపోయేది అదే. థియాలజీ కాలేజీలో చేరితే రెండోది, గ్రీసు వెళ్తే మూడోది అలవాటు చేసుకోవచ్చు. పరీక్షల్లో ప్రధానంగా అడిగేది చదివి అర్థం చెప్పడమే, మాట్లాడటం కాదు. వేదంలో ఉదాత్త స్వరితాల్లాగా గ్రీకుకీ స్వరం, అంటే గొంతు ఎత్తి దించి పలకడం, ఉంది, అక్షరాల మీద గీతలు దానికే. గీత ఎక్కడుందో మాటతోపాటు గుర్తుపెట్టుకుంటే మొదటి ఏడాదికి చాలు.

అక్షరాలకు రెండు వారాలు పెట్టుకోండి. చూసి గుర్తుపట్టడం కాదు, చేత్తో రాయాలి. కళ్లు మోసం చేస్తాయి: ఇంగ్లీష్ పి లాంటిది 'ర', చిన్న వి లాంటిది 'న', పెద్ద హెచ్ లాంటిది 'ఏ', ఎక్స్ లాంటిది 'ఖ'. మీకు నాణేలంటే ఇష్టం కాబట్టి వాటితోనే సాధన చేయండి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దపు మెనాండర్ వెండి నాణెం ఫొటో ఒకటి పెద్దది చేసి చూడండి. మిలిందుడని బౌద్ధ గ్రంథంలో వచ్చే రాజు ఆయనే. అంచు చుట్టూ మూడు మాటలు: 'బసిలెఓస్ సోతేరొస్ మెనన్ద్రూ', అంటే 'రక్షకుడైన రాజు మెనాండర్‌ది'. ఒకే నాణెం మీద చిన్న ఒ, పెద్ద ఓ, ఎ, ఏ అన్నీ ఉన్నాయి. ఇది తడబడకుండా చదివిన రోజు అక్షరాలు వచ్చినట్టే.

ఇప్పుడు ఆ నాణెం తిప్పండి, నాన్నగారి ప్రశ్నకు జవాబు అక్కడుంది. వెనకవైపు ఖరోష్ఠీ లిపిలో, ప్రాకృతంలో 'మహరజస త్రతరస మెనంద్రస' అని ఉంటుంది. 1830లలో జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లీష్ పండితుడు ఖరోష్ఠీ అక్షరాలు విప్పింది ఇలాంటి రెండు వైపుల నాణేల సాయంతోనే. గ్రీకు ఒక్కటే వచ్చినవాళ్లు దీన్ని సగమే చదవగలరు. మన దేశంలో గ్రీకు ఒక్కదానితో ఉద్యోగం రాదు. కాలేజీ లెక్చరర్ అర్హతకు రాసే యూజీసీ నెట్ పరీక్షలో ఆ సబ్జెక్టే లేదు. ఆర్కియాలజీ, లింగ్విస్టిక్స్ ఉన్నాయి. అందుకని డిగ్రీ అయ్యాక ఆర్కియాలజీ లేదా ప్రాచీన చరిత్రలో పీజీ చేయండి. పుణె డెక్కన్ కాలేజీ లాంటి చోట్లు చూడండి. దానితోపాటు సంస్కృతం, ప్రాకృతం, బ్రాహ్మీ లిపి నేర్చుకోండి. మైసూరులోని పురావస్తు శాఖ శాసన విభాగం వైపు వెళ్లాలన్నా అవే పునాది. గ్రీకు వాటి పక్కన నిలబడితే మీ విలువ పెరుగుతుంది. 1958లో కాందహార్‌లో దొరికిన అశోకుడి శాసనంలో ధర్మం అన్నదానికి గ్రీకులో 'ఎఉసెబెయ' అని రాశారు. ఆ ఒక్క మాట మీద మాట్లాడాలన్నా రెండు వైపులా తెలిసినవాళ్లు కావాలి. మన తీరం సంగతీ అంతే. క్రీస్తుశకం 1వ శతాబ్దపు గ్రీకు నావికుడి గ్రంథం 'మసలియ'లో సన్నటి నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. అది మచిలీపట్నం ప్రాంతమని చరిత్రకారులు గుర్తించారు.

విదేశాల్లో క్లాసిక్స్, అంటే ప్రాచీన గ్రీకు, రోమన్ చదువులు, చదవాలంటే గ్రీకుతోపాటు లాటిన్ కావాలి, తర్వాత జర్మన్, ఫ్రెంచ్ చదివే శక్తి అడుగుతారు. అమెరికాలో పీహెచ్‌డీ సీటు వస్తే చాలాచోట్ల ఫీజు ఉండదు, స్టైపెండ్ ఇస్తారు. అంతకుముందు చేసే భాషా కోర్సులకు మాత్రం డబ్బు చాలా అవుతుంది. అప్పు చేసి ఆ దారి పట్టొద్దని నా మాట. ఇక్కడ పీజీ చేసి, భాషలు బలపరచుకుని అప్పుడు అప్లై చేయండి.

ప్రస్తుతానికి గ్రీకుకు రోజూ సాయంత్రం అరగంట ఇవ్వండి. పీజీ ఎంట్రన్స్ సిలబస్‌కు ఉదయం గంటలు. ఈ నెలాఖరుకు ఆ నాణెం చదవగలిగితే, నాన్నగారికి కూడా ఒకసారి చదివి వినిపించండి.