బ్లూర్ స్ట్రీట్ ఉక్రెయిన్ పండగకి మనం వెళ్ళొచ్చా?

"టొరంటో వచ్చి కొన్ని నెలలే అయిందన్నా. సెప్టెంబర్‌లో బ్లూర్ స్ట్రీట్ మీద ఉక్రెయిన్ వాళ్ళ పండగ ఉంటుందట. మాలాంటివాళ్ళం వెళ్తే బాగుంటుందా? మా ఆవిడ శాకాహారి" అని ఒక తమ్ముడు అడిగాడు.

తప్పకుండా వెళ్ళండి. వీధిలోకి టికెట్టు లేదు, ఎవరూ పిలవక్కర్లేదు. బ్లూర్ వెస్ట్ విలేజ్‌లో జేన్, రన్నీమీడ్ స్టేషన్ల దగ్గర రోడ్డు మీద కార్లు ఆపేసి వారాంతమంతా జరుపుతారు. మీరు కారు మాత్రం తీయకండి, పార్కింగ్ కోసం తిరగడంతోనే సరిపోతుంది. సబ్‌వే రెండో లైన్ ఎక్కండి. 12 ఏళ్ళ వరకు పిల్లలకి టీటీసీలో, అంటే ఊళ్ళో తిరిగే సబ్‌వే, బస్సుల్లో, ఛార్జీ లేదు. శనివారం పెరేడ్ ఉంటుంది కాబట్టి కాస్త ముందే వెళ్ళి నిలబడే చోటు చూసుకోండి.

తిండి విషయంలో జాగ్రత్త. బోర్ష్ చూడ్డానికి ఉత్త బీట్‌రూట్ పులుసే అనిపిస్తుంది గానీ చాలామంది మాంసం ఉడికించిన నీళ్ళతోనే కాస్తారు. క్యాబేజీ ఆకులో చుట్టిన హొలుబ్సీలో అన్నంతో పాటు పంది మాంసమో, గొడ్డు మాంసమో, రెండూనో ఉండొచ్చు. మీ ఆవిడకి హాయిగా పనికొచ్చేవి వరెనికీలు. కెనడాలో పెరోగీలంటారు. మన కజ్జికాయల్లాగే పిండిని గుండ్రంగా వత్తి, బంగాళాదుంప ముద్ద పెట్టి అంచులు నొక్కుతారు, కాకపోతే నూనెలో వేయించకుండా నీళ్ళలో ఉడికిస్తారు. పైన వేసే ఉల్లిపాయలు వెన్నలో వేయించారా, పంది కొవ్వులోనా అని అడగండి. కొందరు పిండిలో గుడ్డు కూడా కలుపుతారు, అదీ అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. వంట గురించి అడిగితే వాళ్ళకి మహా సంతోషం. ఉక్రెయిన్ బోర్ష్ వంటను 2022లో, యుద్ధం జరుగుతుండగానే, అత్యవసరంగా కాపాడుకోవాల్సిన వారసత్వంగా యునెస్కో గుర్తించింది. ఆ గిన్నెతో వాళ్ళకి ఎంత అనుబంధమో దీన్నిబట్టే తెలుస్తుంది.

పిసాంకీ, అంటే రంగులద్దిన గుడ్లు, ఎవరైనా వేసి చూపిస్తుంటే పిల్లల్ని అక్కడ నిలబెట్టండి. సన్నని గొట్టమున్న పుల్లతో కరిగిన తేనెమైనం గీస్తూ, గుడ్డుని ముందు లేత రంగులో, తర్వాత ముదురు రంగులో ముంచుతారు. చివర్లో వేడి తగిలించి మైనం తుడిచేస్తే అప్పటిదాకా దాగున్న రంగులన్నీ ఒక్కసారి బయటపడతాయి.

అక్కడున్న వాళ్ళంతా ఒకే రకం వలసదారులు కారు. 1891 నుంచి వచ్చి ప్రెయిరీల్లో, అంటే పశ్చిమ కెనడా గడ్డి మైదానాల్లో, పొలాలు చేసుకున్న వాళ్ళ మునిమనవలుంటారు, 2022 తర్వాత సూట్‌కేసుతో దిగిన వాళ్ళూ ఉంటారు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో వీళ్ళలో వేలమందిని శత్రుదేశం వాళ్ళంటూ కెనడాయే శిబిరాల్లో పెట్టింది. కొత్తగా వచ్చినవాళ్ళని "మీ ఇల్లు ఏమైంది, మీవాళ్ళంతా బతికే ఉన్నారా" అని ఆరా తీయకండి. వాళ్ళంతట వాళ్ళు చెప్తే వినండి. రష్యా నుంచి ఇండియా చమురు కొనడం గురించి వాదన అక్కడ అసలే పెట్టుకోవద్దు. మీ చుట్టాల్లో ఉక్రెయిన్ వెళ్ళి విన్నిట్సియాలోనో జపరోజియాలోనో ఎంబీబీఎస్ చదివినవాళ్ళుంటే మాత్రం ఆ మాట చెప్పండి. మన తెలుగు పిల్లలు బోలెడంత మంది అక్కడ చదివారు కదా, మాట కలపడానికి అంతకంటే మంచి దారి లేదు. "ద్యాకుయు" అంటే థ్యాంక్స్, అది నేర్చుకుని వెళ్ళండి.

ఇంకొక్క పని చేయండి. స్టేజీ మీద హొపాక్ అనే ఉక్రెయిన్ జానపద నాట్యం ఆడే పిల్లల్లో చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. వాళ్ళ అమ్మానాన్నలు పక్కనే ఉంటారు, పలకరించి శనివారం బడుల గురించి అడగండి. ఉక్రేనియన్ నేర్పడానికి వాళ్ళు తరాల తరబడి ఆ బడులు నడుపుకుంటున్నారు. పిల్లలు ఏ వయసులో మొండికేస్తారు, అప్పుడు ఏం చేశారు, ఇంట్లో ఏ భాష మాట్లాడారు, అన్నీ అడగండి. మీ పిల్లల్ని తెలుగు బడిలో చేర్చే ముందు ఆ జవాబులు మీకు కావాలి.