ఆవిరి పైపు ఆయుష్షు కరెంటుతో తెలుస్తుందా?

థర్మల్ కేంద్రం నడుస్తుండగానే ఆవిరి పైపులోని క్రీప్ (వేడికీ ఒత్తిడికీ లోహం ఏళ్ళ తరబడి మెల్లగా సాగిపోవడం) నష్టాన్ని కరెంటుతో కనిపెట్టవచ్చా అని అడిగారు. కనిపెట్టవచ్చు. చెన్నై ఉత్తర శివారులోని ఒక విద్యుత్ కేంద్రంలో ఆ పైపుల దగ్గరే ఎనిమిదేళ్ళు పనిచేసినవాడిగా చెబుతున్నాను.

540 డిగ్రీల ఆవిరి మోసే ప్రధాన పైపు మీద, ఒక మలుపు దగ్గర, నాలుగు తీగలను చతురస్రంగా వెల్డు చేసి పైన ఇన్సులేషన్ కప్పాం. ఒక జతలో కరెంటు పంపి ఎదుటి జత మధ్య వోల్టేజి చూడాలి. వచ్చేది మైక్రోవోల్టులే. ఒక రాత్రి రీడింగు గబగబా ఎక్కింది. సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైలులో వచ్చే మా ఫిట్టరు, టార్చి నా చేతికిచ్చి, "పైపు పగులుతోందా సార్?" అన్నాడు. జతలు మార్చి రెండో దిశలో కొలిచాం. అదీ అంతే ఎక్కింది. లోడు పెరిగి లోహం మరికొంత వేడెక్కింది, అంతే! వేడికి నిరోధం అన్ని దిశల్లోనూ ఒకేలా పెరుగుతుంది. క్రీప్ అలా కాదు. లోపలి పీడనానికి పైపు చుట్టుకొలత వెంబడి సాగుతుంది, పొడవునా దాదాపు సాగదు. అందుకే నేను ఒంటి రీడింగును నమ్మను. రెండు దిశల నిష్పత్తి తీస్తే వేడి కొట్టుకుపోయి సాగుడు మిగులుతుంది.

ఈ మాట వినకుండానే మా పై అధికారి మర్నాడు మీటరును స్టోరుకు పంపించేశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

పైపు పైపొరను అచ్చు తీసి చూసే రెప్లికా పరీక్ష చాలదా అంటారు. మే నెల షట్‌డౌన్‌లో, తడి తువ్వాలు తలకు చుట్టుకుని పైపును అద్దంలా సానబెట్టే కాంట్రాక్టు కుర్రవాళ్ళ కష్టం నేను చూశాను. ఆమ్లం రాసి ప్లాస్టిక్ పొర మీద తీసిన ఆ అచ్చులో కనిపించేది సానబెట్టిన చోటు పైపొర మాత్రమే. ఇలాంటి వేడి పైపులకు వాడే పీ91 రకం ఉక్కులో అతుకు పక్కన, వెల్డింగు వేడి సోకిన సన్నని పట్టీలో నష్టం చాలాసార్లు లోపలే మొదలవుతుంది. పైగా నిబంధన ప్రకారం ఆయుష్షు పరీక్ష లక్ష గంటలు నడిచాక. అంటే 11 ఏళ్ళ పైమాట!

కొత్త పైపు వేస్తుంటే ఆ వారమే తీగలు అతికించి మొదటి నిష్పత్తి రాసిపెట్టండి. మేము అతికించింది పదమూడో ఏట. అప్పటికే ఎంత సాగిందో ఆ తీగలు చెప్పలేకపోయాయి.